క్రిమి దొరికింది 1876లో, విషం దొరికింది 1954లో: ఆంత్రాక్స్ టాక్సిన్ చరిత్ర

మన నోట్స్‌లో ఆంత్రాక్స్ సాధారణంగా రెండు లైన్లు దాటదు. బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, పశువుల నుంచి మనుషులకు సోకుతుంది, జీవాయుధంగా వాడే ప్రమాదం ఉంది, 2001లో అమెరికాలో ఉత్తరాల ద్వారా పంపారు. ప్రిలిమ్స్ బిట్‌కి ఇది సరిపోతుంది. మెయిన్స్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీ, అంతర్గత భద్రత, అంతర్జాతీయ ఒప్పందాలు మూడూ కలిసే చోట ప్రశ్న వస్తే మాత్రం సరిపోదు. అప్పుడు ఒక చిన్న ప్రశ్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి: అసలు ఈ క్రిమి మనిషిని ఎలా చంపుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు రావడానికి పట్టిన కాలం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక జబ్బుకి ఒక నిర్దిష్టమైన బ్యాక్టీరియా కారణమని చరిత్రలో మొదటిసారి పక్కాగా రుజువైంది ఆంత్రాక్స్ విషయంలోనే, 1876లో. ఆ బ్యాక్టీరియా చంపేది ఒక విషంతో అని రుజువైంది 1954లో. మధ్యలో 78 ఏళ్లు. ఆ విషం కణంలోకి ఏ దారిన వెళుతుంది, లోపల ఏం చేస్తుంది అన్నది తేలడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. శాస్త్రవేత్తలకు తెలివి తక్కువై ఇంత ఆలస్యం కాలేదు. వాళ్లు చాలాకాలం వెతకకూడని చోట వెతికారు. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పదలుచుకున్నది అదే.

కోచ్, పాశ్చర్, పక్కకు పోయిన ఒక ఊహ

రాబర్ట్ కోచ్ అప్పటికి పేరున్న శాస్త్రవేత్త కాదు. ప్రష్యాలోని వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణంలో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) జిల్లా వైద్యాధికారి. చుట్టుపక్కల గొర్రెలు, ఆవులు చచ్చిపోతున్నాయి. ఇంట్లోనే ఒక మూల మైక్రోస్కోపు పెట్టుకుని, చచ్చిన పశువు రక్తాన్ని సన్నని కర్రపుల్లతో ఎలుకలకు ఎక్కించి చూశాడు. ఎద్దు కంటిలోని ద్రవంలో ఆ క్రిముల్ని పెంచాడు. కడ్డీల్లాంటి ఆ క్రిములు పరిస్థితులు బాగాలేనప్పుడు గట్టి పెంకున్న సిద్ధబీజాలుగా మారడం కళ్లారా చూశాడు. కొన్ని పొలాల్లో మేసిన పశువులే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎందుకు చస్తున్నాయో దాంతో అర్థమైంది: మట్టిలో సిద్ధబీజాలు నిద్రపోతూ ఉన్నాయి. కోచ్ ఈ ప్రయోగాలను బ్రెస్లా విశ్వవిద్యాలయంలో ఫెర్డినాండ్ కోన్‌కి చూపించాక 1876లో ప్రచురించాడు.

ఈలోగా ఫ్రాన్స్‌లో ఇంకో వాదన నడుస్తోంది. చంపేది క్రిమా, రక్తంలోని ఏదో విషమా? పాల్ బెర్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త జబ్బు పశువు రక్తాన్ని అధిక పీడనంలోని ఆక్సిజన్‌కి గురిచేశాడు. క్రిములన్నీ చచ్చాయనుకున్నాడు. అయినా ఆ రక్తం ఎక్కించిన జంతువు చచ్చింది. కాబట్టి విషమే కారణం అన్నాడు. లూయీ పాశ్చర్ దాన్ని తిప్పికొట్టాడు: క్రిములు చచ్చాయి గానీ సిద్ధబీజాలు చావలేదు, అవే మళ్లీ మొలకెత్తాయి. బెర్ట్ 1877లో ఒప్పుకున్నాడు. పాశ్చర్ చెప్పింది నిజమే. కానీ ఆ గెలుపుతో పాటు "విషం" అన్న ఊహ కూడా చెత్తబుట్టలోకి పోయింది. బెర్ట్ ప్రయోగం తప్పు, ఊహ మాత్రం సగం ఒప్పు. చరిత్రలో ఇలాంటివి చాలా ఉంటాయి. ఓడిన వాదనలో ఉన్న ఒప్పును వెనక్కి తెచ్చుకోవడానికి కొన్నిసార్లు రెండు తరాలు పడుతుంది.

1881లో ప్యారిస్‌కి దగ్గర్లోని పూయీ-ల-ఫోర్ అనే పల్లెలో పాశ్చర్ బహిరంగంగా టీకా పరీక్ష పెట్టాడు. సుమారు 50 గొర్రెలు, వాటిలో సగానికి టీకా. మే నెలలో రెండు విడతలు టీకా వేసి, నెలాఖరుకు అన్నిటికీ బలమైన క్రిమిని ఎక్కించారు. జూన్ 2న జనం, విలేకరులు వచ్చి చూసేసరికి టీకా వేసిన గొర్రెలు నిలబడి ఉన్నాయి, వేయనివి చచ్చి ఉన్నాయి, లేదా చావబోతున్నాయి. ఆ రోజు వాడిన టీకా పాశ్చర్ బయటికి చెప్పిన పద్ధతిలో చేసింది కాదని, ఆయన సహాయకుడు షాంబర్‌లాండ్ పొటాషియం డైక్రోమేట్‌తో తయారు చేసిందని ఆయన ప్రయోగశాల నోట్‌బుక్కుల ఆధారంగా చరిత్రకారుడు జెరాల్డ్ గీసన్ 1995లో రాశాడు. జీఎస్-4 ఎథిక్స్ పేపర్‌కి మంచి ఉదాహరణ, రాసిపెట్టుకోండి.

పాశ్చర్ తన సొంత పద్ధతిలో క్రిమిని 42-43 డిగ్రీల వేడిలో పెంచి బలహీనపరిచేవాడు. ఎందుకు బలహీనపడుతుందో ఆయనకు తెలియదు. ఆ రహస్యం వంద ఏళ్ల తర్వాత, 1983లో తేలింది. ఈ బ్యాక్టీరియాకి ప్రధాన డీఎన్ఏతో పాటు రెండు చిన్న ఉంగరాల్లాంటి డీఎన్ఏ ముక్కలు, అంటే ప్లాస్మిడ్‌లు ఉంటాయి. ఒకదాని మీద విషం తయారీకి కావలసిన జన్యువులు, రెండో దాని మీద క్రిమి చుట్టూ ఉండే రక్షణ తొడుగుకి కావలసిన జన్యువులు. ఎక్కువ వేడిలో పెంచితే విషం ప్లాస్మిడ్ జారిపోతుంది. అంటే విషం లేదని వాదించి గెలిచిన పాశ్చరే, తనకు తెలియకుండా, విషాన్ని తీసేసి టీకా తయారు చేశాడు!

ఫ్లాస్కులో దొరకనిది

1888లో రూ, యెర్సిన్ డిఫ్తీరియా క్రిమి విషాన్ని పట్టుకున్నారు. 1890లో బేరింగ్, కిటసాటో ధనుర్వాతం విషానికి విరుగుడు సీరమ్ చూపించారు. ఈ రెండిటి పద్ధతి ఒకటే: క్రిమిని ద్రవంలో పెంచు, వడకట్టు, క్రిమి లేని ద్రవాన్ని జంతువుకి ఎక్కించు. జబ్బు లక్షణాలు వస్తే విషం ఉన్నట్టు. ఆంత్రాక్స్‌కీ అందరూ అదే చేశారు. వడకట్టిన ద్రవం ఎక్కిస్తే జంతువుకి ఏమీ కాలేదు. మళ్లీ మళ్లీ చేశారు, మళ్లీ ఏమీ కాలేదు.

దాంతో ఇంకో సిద్ధాంతం పాఠ్యపుస్తకాలకెక్కింది. చావబోయే పశువు రక్తంలో ఈ క్రిములు లెక్కకు మించి ఉంటాయి కాబట్టి, అవి సన్నని రక్తనాళాల్లో అడ్డం పడి, వాగులో దుంగలు అడ్డుపడినట్టు, రక్తప్రసరణను ఆపేస్తాయి. చావుకి అదే కారణం. వినడానికి బాగుంటుంది. కళ్లకు కనిపించేదానికి సరిపోతుంది కూడా. అందుకే అంతకాలం నిలిచింది.

మధ్యలో కొన్ని ఆధారాలు దొరక్కపోలేదు. జబ్బు పశువు చర్మం కింద చేరిన వాపు నీటిని క్రిములు లేకుండా తీసి ఎక్కిస్తే జంతువుకి రోగనిరోధక శక్తి వస్తోందని 20వ శతాబ్దం మొదట్లోనే ఆస్కార్ బైల్ గమనించాడు. 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో గ్లాడ్‌స్టన్, క్రిమిని సీరమ్ ఉన్న ద్రవంలో పెంచితే రక్షణ ఇచ్చే ఒక పదార్థం వస్తోందని చూపించాడు. దానికే ప్రొటెక్టివ్ యాంటిజెన్ అని పేరొచ్చింది. రక్షణ ఇస్తుంది కాబట్టి ఆ పేరు. అది విషంలో ఒక భాగమని అప్పటికి తెలియదు. ఈ పేరే ఇప్పటికీ విద్యార్థుల్ని తికమక పెడుతుంది: ఇది మనల్ని రక్షించేది కాదు, క్రిమి ఆయుధంలో ఒక ముక్క. దానికి వ్యతిరేకంగా మన శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలే మనల్ని రక్షిస్తాయి.

ఇక అసలు మలుపు. ఇంగ్లండ్‌లోని పోర్టన్ డౌన్ బ్రిటిష్ ప్రభుత్వ రసాయన, జీవాయుధ పరిశోధన కేంద్రం. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడి బృందం స్కాట్లాండ్ దగ్గరి గ్రినార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. ఆ మట్టిలో సిద్ధబీజాలు అలాగే ఉండిపోవడంతో దీవిని మూసేశారు. 1986లో సముద్రపు నీటిలో కలిపిన 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌తో కడిగారు. 1990లో గానీ సురక్షితమని ప్రకటించలేదు. జర్మనీ పశువుల కోసం ఆంత్రాక్స్ పెట్టిన 50 లక్షల గానుగపిండి బిళ్లలు కూడా బ్రిటన్ తయారు చేసి పెట్టుకుంది, వాడలేదు.

యుద్ధం తర్వాత అదే పోర్టన్‌లో హ్యారీ స్మిత్, జేమ్స్ కెపీ వేరే ప్రశ్న వేసుకున్నారు. ఫ్లాస్కులో పెరిగిన క్రిమి, శరీరంలో పెరిగిన క్రిమి ఒకలాగే ప్రవర్తిస్తాయని మనకెవరు చెప్పారు? కాబట్టి ఫ్లాస్కును పక్కనపెట్టి, ఆంత్రాక్స్‌తో చావబోతున్న గినీ పందుల రక్తాన్నే తీసుకున్నారు. అందులోని క్రిములన్నిటినీ తీసేసి, మిగిలిన ప్లాస్మాను ఆరోగ్యంగా ఉన్న గినీ పందులకు ఎక్కించారు. అవి చచ్చిపోయాయి. చర్మంలోకి కొద్దిగా ఎక్కిస్తే అక్కడ వాపు వచ్చింది. ఆంత్రాక్స్ విరుగుడు సీరమ్ కలిపి ఎక్కిస్తే ఏమీ కాలేదు. ఒక్క క్రిమి కూడా లేని ద్రవం చంపుతోంది, ఆంత్రాక్స్ సీరమ్ దాన్ని ఆపుతోంది. 1954లో నేచర్ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. అంతకాలం వెతికిన విషం జబ్బుపడిన జంతువు రక్తంలోనే ఉంది.

ఆ తర్వాత వాళ్లు చేసిన ఇంకో ప్రయోగం వైద్యానికి ఇంకా ముఖ్యం. జబ్బు వివిధ దశల్లో ఉన్న గినీ పందులకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. తొలిదశలో ఇస్తే బతికాయి. ఒక దశ దాటాక ఇస్తే, మందు పనిచేసి రక్తంలో క్రిములు మాయమయ్యాయి, అయినా జంతువు షాక్‌తో చచ్చింది. రక్తనాళాలకు క్రిములు అడ్డుపడడమే చావుకి కారణమైతే, క్రిములు పోయాక బతకాలి కదా! పాత సిద్ధాంతం అక్కడితో ముగిసింది. ఆంత్రాక్స్ వైద్యంలో "ఇక వెనక్కి రాలేని దశ" ఒకటి ఉందని కూడా అక్కడే తేలింది. క్రిమిని చంపే మందు క్రిమినే చంపుతుంది, అది అప్పటికే వదిలిన విషాన్ని ఏమీ చేయదు.

ఇదే సమయంలో కలకత్తాలో

ఇక్కడ కొంచెం ఆగి ఒక పోలిక చెప్పాలి. ప్రామాణిక పుస్తకాల్లో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చెప్పడం నాకు కనిపించలేదు. కలరా క్రిమిని కోచ్ 1883-84లో ఈజిప్టులోనూ, తర్వాత కలకత్తాలోనూ గుర్తించాడు. అది విషంతో చంపుతుందని ఆయనే అనుమానించాడు. కానీ ఆ విషం కూడా 75 ఏళ్ల పాటు దొరకలేదు. కారణం అదే: అందరూ దాన్ని జంతువు రక్తంలోకో కడుపు గోడల మధ్యకో ఎక్కించి చూశారు. కలకత్తాలోని నీల్‌రతన్ సర్కార్ వైద్య కళాశాలలో శంభునాథ్ డే కుందేలు పేగును రెండు చోట్ల దారంతో కట్టి, మధ్య భాగంలోకి క్రిమి లేని కలరా ద్రవాన్ని ఎక్కించాడు. పేగు నీటితో ఉబ్బిపోయింది. కలరా పేగు జబ్బు, కాబట్టి విషాన్ని పేగులోనే పరీక్షించాలి. ఇంత సూటి ఆలోచన! 1959లో అదీ నేచర్‌లోనే వచ్చింది. పోర్టన్ దగ్గర యుద్ధ నిధులున్నాయి, డే దగ్గర కొద్దిపాటి పరికరాలు, కుందేళ్లు ఉన్నాయి. ఇద్దరూ వేసిన ప్రశ్న ఒకటే. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ డే పేరును నోబెల్‌కి ప్రతిపాదించాడు. 1985లో డే చనిపోయే నాటికి మన దేశపు సైన్స్ అకాడమీలు ఏవీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకోలేదు. ఇది మనం ఎస్సే పేపర్లో నిస్సంకోచంగా రాయవలసిన విషయం.

పోలిక ఇక్కడితో ఆగదు. కలరా విషం, ఆంత్రాక్స్ విషంలోని ఒక భాగం, రెండూ చివరికి కణంలో ఒకే మీట నొక్కుతాయని తర్వాత తెలిసింది. అదేమిటో ముందుకెళితే వస్తుంది.

మూడు ముక్కల విషం

1960ల మొదట్లో బ్రిటన్‌లో స్మిత్ బృందం, అమెరికాలో ఫోర్ట్ డెట్రిక్ బృందం విషాన్ని శుద్ధి చేస్తుంటే వింత కనిపించింది. ఎంత శుద్ధి చేస్తే అంత బలం తగ్గుతోంది. వేరు చేసిన భాగాల్ని మళ్లీ కలిపితే బలం తిరిగొస్తోంది. ఇది ఒక పదార్థం కాదు, మూడు ప్రొటీన్లు. ప్రొటెక్టివ్ యాంటిజెన్ (పీఏ), ఎడిమా ఫ్యాక్టర్ (ఈఎఫ్), లీథల్ ఫ్యాక్టర్ (ఎల్ఎఫ్). ఏ ఒక్కటీ విడిగా హాని చేయదు. పీఏ, ఈఎఫ్ కలిస్తే వాపు. పీఏ, ఎల్ఎఫ్ కలిస్తే చావు. ఈఎఫ్, ఎల్ఎఫ్ మాత్రమే కలిస్తే ఏమీ లేదు. దీన్నిబట్టి పీఏ తలుపు తీసేదని, మిగతా రెండూ లోపలికెళ్లి పని చేసేవని ఊహించవచ్చు. ఊహించడం వేరు, చూడడం వేరు.

లోపల ఏం జరుగుతుందో మొదట చూసింది ఫోర్ట్ డెట్రిక్‌లో స్టీఫెన్ లెప్లా, 1982లో. ఈఎఫ్ ఒక ఎంజైమ్. కణంలోకి వెళ్లాక, మన కణంలోనే ఉండే కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటే గానీ అది మేల్కోదు. మేల్కొన్నాక కణంలోని ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా మార్చేస్తుంది. (ఏటీపీని తొలిసారి వేరుచేసిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహచరుడు ఫిస్కే ఉన్నారు, 1929లో.) సైక్లిక్ ఏఎంపీ కణంలో మామూలుగా కొద్దిగా ఉండే సంకేత పదార్థం. అది విపరీతంగా పెరిగితే నీరు, లవణాల మీద కణానికి అదుపు పోతుంది, వాపు వస్తుంది, రోగనిరోధక కణాలు మందగిస్తాయి. కలరా విషం నొక్కేది ఈ మీటనే. కాకపోతే కలరా విషం కణంలోని సొంత ఎంజైమ్‌ని ఆగకుండా పనిచేయిస్తుంది, ఆంత్రాక్స్ తన ఎంజైమ్‌నే లోపలికి తెస్తుంది.

తలుపు సంగతి తేల్చడంలో భారతీయుల భాగం ఉంది. యోగేంద్ర సింగ్, విజయ్ చౌధరి 1989లో లెప్లాతో కలిసి, పీఏలో ఒక చిన్న భాగం తీసేసిన రకాన్ని తయారు చేశారు. పీఏ కణం మీద కూర్చోగానే కణం తాలూకు కత్తెర ఎంజైమ్, ముఖ్యంగా ఫ్యూరిన్, దాన్ని ఒకచోట కత్తిరిస్తుంది. కత్తిరించే ఆ చోటునే వీళ్లు తీసేశారు. ఆ పీఏ కణానికి అతుక్కుంది, కానీ విషం పని చేయలేదు. పైగా కణం మీద చోటు ఆక్రమించుకుని అసలు విషాన్ని జంతువుల్లో అడ్డుకుంది. అంటే క్రిమి ఆయుధాన్ని పనిలో పెట్టేది మన కణం తన పనులకోసం పెట్టుకున్న కత్తెరే.

ఇప్పటికి తెలిసిన క్రమం ఇలా ఉంటుంది. పీఏ కణం పైపొర మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ గ్రాహకాల్లో ఒకటి 2001లో, రెండోది 2003లో దొరికాయి. రెండూ విషం కోసం పుట్టినవి కావు, కణం తన చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకుని ఉండడానికి వాడుకునే ప్రొటీన్లు. కత్తెర పడ్డాక చిన్న ముక్క ఊడిపోతుంది, పెద్ద ముక్క మిగులుతుంది. అలాంటి ఏడు ముక్కలు కలిసి ఉంగరంగా ఏర్పడతాయి (కొన్నిసార్లు ఎనిమిది). ఆ ఉంగరం పైన ఈఎఫ్, ఎల్ఎఫ్ వచ్చి కూర్చుంటాయి. ఏడుగురి ఉంగరం మీద మూడింటికే చోటు. కణం ఈ మొత్తాన్ని మామూలు సరుకనుకుని పొరతో చుట్టి సంచిలా లోపలికి లాక్కుంటుంది. లోపల అలాంటి సంచుల్ని ఆమ్లంగా మార్చడం కణం అలవాటు, లోపలికొచ్చినదాన్ని జీర్ణం చేసుకోవడానికి. విషం ఎదురుచూసేది ఆ ఆమ్లం కోసమే. ఆమ్లం తగలగానే ఉంగరం ఆకారం మారి, సంచి గోడకి సన్నని గొట్టంలా రంధ్రం చేస్తుంది. ఈఎఫ్, ఎల్ఎఫ్ తమ మడతలు విప్పుకుని, దారంలా ఆ గొట్టంలోంచి కణద్రవంలోకి జారి, అక్కడ మళ్లీ మడతపడి పని మొదలుపెడతాయి. ఆ గొట్టం ఆకారాన్ని దాదాపు అణువుల స్థాయిలో చూడగలిగింది 2015లో, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక.

ఇక ఎల్ఎఫ్. అది జింకు ఆధారంగా పనిచేసే ప్రొటీన్ కత్తెర అని ముందే అనుమానం. దేన్ని కత్తిరిస్తుందో 1998లో బయటపడింది. దొరికిన తీరు విచిత్రం: అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ రకరకాల క్యాన్సర్ కణాల మీద మందుల్ని పరీక్షించే పద్ధతిలో ఎల్ఎఫ్‌ని పెట్టి చూస్తే, దాని ప్రభావం అప్పటికే తెలిసిన ఒక రసాయనంలా కనిపించింది. ఆ రసాయనం కణంలో మ్యాప్ కైనేజ్ అనే సంకేతాల గొలుసును ఆపుతుంది. ఎల్ఎఫ్ కూడా ఆ గొలుసులోని ఎంఏపీకేకే అనే కొక్కేన్నే కోసేస్తోంది. బయట ప్రమాదం ఉందన్న కబురు కణం లోపలికి ఈ గొలుసు ద్వారానే వెళుతుంది. గొలుసు తెగితే రోగనిరోధక కణం క్రిమి పక్కనే ఉన్నా మిగతావాటిని పిలవలేదు. ఊళ్లో దొంగ పడినప్పుడు మొదట ఫోను తీగలు కోసినట్టు.

అందుకే జబ్బు మొదట్లో మామూలు జ్వరంలా ఉంటుంది. విషం మొదట శరీరం నోరు నొక్కుతుంది. క్రిములు పెరిగాక అదే విషం పెద్దమొత్తంలో అవయవాల మీద పడుతుంది. చావు ఏ అవయవం వల్ల అన్న ప్రశ్నకి ఎలుకల్లో 2013లో జవాబు దొరికింది: ఎల్ఎఫ్ ప్రధానంగా గుండె, రక్తనాళాల కండర కణాల్ని, ఈఎఫ్ ప్రధానంగా కాలేయ కణాల్ని దెబ్బతీస్తాయి. రెండు విషాలు రెండు దారుల్లో ఒకే షాక్‌కి తీసుకెళతాయి.

ఆయుధం, ఒప్పందం

ఈ పరిశోధనలో పెద్ద వాటా జీవాయుధ కేంద్రాల్లో, తర్వాత జీవరక్షణ కేంద్రాలుగా మారిన అవే చోట్లలో జరిగిందన్నది దాచాల్సిన విషయం కాదు. మెయిన్స్‌లో "ద్వంద్వ వినియోగ పరిశోధన" అని అడిగేది దీన్నే. 1972లో సంతకాలకు పెట్టిన జీవాయుధాల నిషేధ ఒప్పందం 1975 మార్చి 26న అమల్లోకి వచ్చింది. భారత్ 1974లోనే ఆమోదించింది. ఒక వర్గం ఆయుధాలను పూర్తిగా నిషేధించిన మొదటి బహుపాక్షిక ఒప్పందం ఇది. లోపం ఒక్కటే, కానీ పెద్దది: ఎవరు పాటిస్తున్నారో తనిఖీ చేసే యంత్రాంగం లేదు.

ఆ లోపం ఖరీదు 1979 ఏప్రిల్‌లో కనిపించింది. సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరంలో సైనిక కేంద్రం నుంచి సిద్ధబీజాలు గాలిలోకి లీకయ్యాయి. కనీసం 66 మంది చనిపోయారు. కలుషిత మాంసం తిని చచ్చారని ప్రభుత్వం చెప్పింది. ఆ సోవియట్ యూనియన్ ఒప్పందం బాధ్యత తీసుకున్న మూడు దేశాల్లో ఒకటి! 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్‌సిన్ సైన్యం పనే అని ఒప్పుకున్నారు. 1994లో మాథ్యూ మెసెల్సన్ బృందం మృతులు ఆ రోజు ఎక్కడెక్కడ ఉన్నారో పటం మీద గుర్తిస్తే, గాలి వీచిన దిశలో ఒకే సన్నని చారలో పడ్డారు. మాంసం కథ అక్కడితో పోయింది.

తనిఖీ ప్రోటోకాల్ మీద ఏళ్ల తరబడి సాగిన చర్చలు 2001 జూలైలో అమెరికా ఒప్పుకోకపోవడంతో ఆగిపోయాయి. రెండు నెలలు తిరగకుండానే ఆంత్రాక్స్ ఉత్తరాలు అమెరికాలోనే పోస్టయ్యాయి. 22 మందికి సోకింది, ఐదుగురు చనిపోయారు. ఉత్తరాలు పంపింది తమ సైనిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తే అని ఎఫ్‌బీఐ తేల్చింది. ఆయన విచారణకు ముందే చనిపోయాడు, కేసు కోర్టుకెక్కలేదు. సైన్స్ ఆధారాలతోనే ఆ నిర్ధారణకు రాలేమని 2011లో అమెరికా జాతీయ పరిశోధన మండలి చెప్పింది.

ఆ ఉత్తరాల తర్వాత డబ్బు కుమ్మరించడంతో విషానికే విరుగుడు తయారైంది. పీఏకి అతుక్కుని అది కణం మీద కూర్చోకుండా చేసే రాక్సిబాకుమాబ్ అనే యాంటీబాడీకి 2012లో అమెరికాలో అనుమతి దొరికింది. మనుషుల మీద ఆంత్రాక్స్ పరీక్షలు చేయలేరు కాబట్టి జంతువుల ఫలితాల ఆధారంగానే అనుమతించారు. స్మిత్, కెపీ చూపిన "వెనక్కి రాలేని దశ"కి వైద్యం చెప్పిన జవాబు అది: క్రిమికి యాంటీబయాటిక్, విషానికి యాంటీబాడీ. మన దేశంలో జేఎన్‌యూలో రాకేశ్ భట్నాగర్ బృందం జన్యుసాంకేతికతతో తయారుచేసిన పీఏ ఆధారంగా టీకా రూపొందించి, ఆ సాంకేతికతను పానేషియా బయోటెక్‌కి ఇచ్చింది.

దొమ్మ

మన పల్లెల్లో ఈ జబ్బు పేరు దొమ్మ. పశువు పొద్దున మేతకు వెళ్లి సాయంత్రానికి పడిపోతుంది. ముక్కులోంచి, ఆసనంలోంచి నల్లటి గడ్డకట్టని రక్తం కారుతుంది. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటక, తమిళనాడు, పశ్చిమ బెంగాల్, జార్ఖండ్‌లలో ఇది అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంటుంది. అరకు లోయ చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో, సరిహద్దు అవతల కోరాపుట్‌లో చచ్చిన పశువును కోసి మాంసం పంచుకున్నవాళ్లకి చర్మపు ఆంత్రాక్స్ వచ్చిన ఘటనలు నమోదయ్యాయి.

దీన్ని అజ్ఞానం అని రాసేసి ముందుకెళ్లడం తేలిక. ఒక కుటుంబానికి ఉన్న ఒక్క ఆవు చస్తే, పాతిపెట్టడమంటే ఉన్న ఆస్తి మొత్తం మట్టిలో పెట్టడం. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూల్‌లో ఆంత్రాక్స్ ఉంది. అనుమానం వస్తే ఎవరైనా తెలియజేయాలి, కళేబరాన్ని కోయకూడదు. కోయకూడదన్నది ఉత్త నిబంధన కాదు. చచ్చిన పశువు శరీరంలో ఉన్న క్రిములు కుళ్లే క్రమంలో చాలావరకు వాటంతటవే చస్తాయి. కోసి గాలి తగలనిస్తేనే అవి సిద్ధబీజాలుగా మారి మట్టిలో దశాబ్దాలు ఉంటాయి, గ్రినార్డ్‌లో ఉన్నట్టు. కాబట్టి ఆ రోజు కత్తి పెట్టకుండా ఉండడానికి ఆ ఇంటికి నష్టపరిహారం వెంటనే అందుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. చట్టం గురించి రాసేటప్పుడు ఈ మాట రాయండి.

పశువులకు టీకా ఉంది, చవకైనది కూడా. దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్ట్‌లో మాక్స్ స్టెర్న్ 1930లలో పట్టుకున్న క్రిమి రకమే ఇప్పటికీ ప్రపంచమంతా, మన దగ్గరా వాడుతున్నారు. పాశ్చర్ రకం విషాన్ని పోగొట్టుకుంటే, స్టెర్న్ రకం తొడుగు ప్లాస్మిడ్‌ని పోగొట్టుకుంది. తొడుగు లేదు కాబట్టి శరీరం దాన్ని తేలికగా చంపేస్తుంది. విషం మాత్రం కొద్దిగా తయారవుతుంది కాబట్టి పీఏకి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుడతాయి. పాశ్చర్ టీకా కంటే ఇది బాగా పనిచేయడానికి కారణం అదే. రక్షణ సుమారు ఏడాది ఉంటుంది, జబ్బు వచ్చే ప్రాంతాల్లో ఏటా కాలానికి ముందే వేయాలి.

మనుషుల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించేది చర్మపు రకమే. చేతి మీద దురదతో మొదలై, చుట్టూ వాపుతో, మధ్యలో బొగ్గులాంటి నల్లటి పక్కు కడుతుంది. ఆంత్రాక్స్ అన్న మాటకి గ్రీకులో బొగ్గు అనే అర్థం. నొప్పి ఉండదు, అందుకే ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారు. ఆ వాపు ఈఎఫ్ పని. వైద్యం లేకపోతే ఇలాంటివాళ్లలో 20 శాతం వరకు చనిపోవచ్చు. విషం రక్తంలో పేరుకోకముందే పీహెచ్‌సీకి చేరితే, కోట్ల ఖర్చుతో తయారైన యాంటీబాడీ అవసరం లేదు, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌తో దాదాపు అందరూ బతుకుతారు.